ఇంటి నుంచి బెడ్ దాకా: కేపీహెచ్‌బీ కాలనీలో జనం లెక్క

హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీలో అడ్రస్ అడిగితే పాతవాళ్లు ఇప్పటికీ వీధి పేరు చెప్పరు. ముందు ఫేజ్ చెప్తారు, తర్వాత ఎల్‌ఐజీ అనో ఎంఐజీ అనో అని నంబర్ చెప్తారు. ఎల్‌ఐజీ అంటే లో ఇన్‌కమ్ గ్రూప్, తక్కువ ఆదాయం వాళ్ల ఇల్లు అని. ఇవాళ ఆ నంబరున్న జాగాలో ఐదంతస్తుల బిల్డింగ్ ఉంటుంది. కింద మెడికల్ షాపో టిఫిన్ సెంటరో ఉంటుంది. అమ్మితే కోట్లు వస్తాయి. అయినా గేటు పక్కన పలక మీద ఎల్‌ఐజీ అనే ఉంటుంది. ఆ ఇంట్లో ఎలాంటివాళ్లు ఉంటారని ఒక ప్రభుత్వ సంస్థ నలభై ఏళ్ల కింద అనుకుందో ఆ పలక చెప్తుంది. ఇప్పుడు ఎవరున్నారో చెప్పదు.

ఈ కాలనీ చరిత్రంతా ఆ రెండింటి మధ్య పెరిగిన దూరమే. బోర్డు ఇక్కడ కుటుంబానికో ఇల్లు కట్టింది. ఆ ఇల్లు తర్వాత పోర్షన్లు అయింది, పోర్షన్ కాస్తా చివరికి బెడ్ అయింది. అద్దెకిచ్చే వస్తువు చిన్నదైనకొద్దీ అదే నేల మీద జనం పెరిగారు.

1960లకు ముందు కూకట్‌పల్లి హైదరాబాద్‌లో భాగం కాదు, బొంబాయి రోడ్డు మీద ఒక ఊరు. చెరువులు, పొలాలు, మధ్యలో పాత ఊరు. దాన్ని నగరం వైపు లాగింది ఫ్యాక్టరీలు. సనత్‌నగర్‌లో నిజాం కాలంలోనే, 1942లో ఆల్విన్ మొదలైంది. అరవైల్లో బాలానగర్‌కు మందుల కంపెనీ ఐడీపీఎల్, విమాన పరికరాల కంపెనీ హెచ్‌ఏఎల్ వచ్చాయి. అదే రోడ్డులో ఇంకా ముందుకు పోతే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్. కూకట్‌పల్లిలోనే గనులకు కావలసిన డిటొనేటర్లు తయారుచేసే ఐడీఎల్ పెట్టారు. ఆ కంపెనీ పక్కనున్న రంగధాముని చెరువును ఇవాళ ఎవరూ ఆ పేరుతో పిలవరు. వినాయక చవితికి నిమజ్జనం ఎక్కడ అంటే ‘ఐడీఎల్ చెరువు’ అనే చెప్తారు. చెరువు పేరునే మార్చేసిన ఫ్యాక్టరీ, ఊళ్లో మనుషుల్ని మార్చకుండా ఉంటుందా?

ఇన్ని ఫ్యాక్టరీలు వచ్చాయి కానీ, వాటిలో పనిచేసే అందరికీ క్వార్టర్లు లేవు. సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరు పోయే 219 నంబర్ బస్సులో వేలాడుతూ డ్యూటీకి వచ్చినవాళ్లు చాలామంది. హౌసింగ్ బోర్డు ఇక్కడ భూమి తీసుకుని కాలనీ వెయ్యడానికి కారణం వెతకాలంటే ఆ బస్సులో వెతకాలి.

ఆ బోర్డుకు హైదరాబాద్‌లో పాత వారసత్వమే ఉంది. 1908లో మూసీ వరద వచ్చి పోయాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీల్ని తీసేసి వరసగా, గాలి వెలుతురు వచ్చేలా ఇళ్లు కట్టడం దాని పని. 1960లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఆ పనికి కొనసాగింపు. అయితే ఇళ్లకు అప్పులివ్వడానికి 1970లో కేంద్రం పెట్టిన హడ్కో ఆదాయపు గడుల ప్రకారం అప్పులిచ్చింది. బాగా పేదలకు ఈడబ్ల్యూఎస్, ఆ పైన ఎల్‌ఐజీ, మధ్యతరగతికి ఎంఐజీ, పైవాళ్లకు హెచ్‌ఐజీ. జీతాన్ని బట్టి గడి, గడిని బట్టి జాగా, జాగాను బట్టి గదులు. వాయిదాల మీద డబ్బు కట్టుకుంటూ పోతే చివరికి ఇల్లు సొంతం.

డెబ్బైల చివర్లో, ఎనభైల మొదట్లో మొదలైన కేపీహెచ్‌బీ ఈ పద్ధతిలోనే పెరిగింది. ఒక ఫేజ్ నిండాక ఇంకోటి, అలా పదిహేనో ఫేజ్ దాకా. ఆసియాలోనే పెద్ద కాలనీ అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. జైపూర్‌లో మానసరోవర్ కాలనీ వాళ్లు కూడా సరిగ్గా ఇదే మాట చెప్పుకుంటారు కాబట్టి ఆ పోటీని పక్కన పెడదాం. పెద్దదన్న మాట మాత్రం నిజం. ఇంకో విషయం, ఈడబ్ల్యూఎస్ ఇళ్లు, హెచ్‌ఐజీ ఇళ్లు ఒకే కాలనీలో ఉండడం. బంజారాహిల్స్‌లో కానీ పాతబస్తీలో కానీ ఇలా ఒక ప్లాన్ ప్రకారం వేర్వేరు ఆదాయాల వాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టలేదు. బోర్డు చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ఇదే.

మొదట వచ్చినవాళ్లు ఫ్యాక్టరీ ఉద్యోగులు, టీచర్లు, గవర్నమెంట్ ఆఫీసుల్లో గుమస్తాలు. ఒక అంతస్తు ఇల్లు, ముందు నాలుగడుగుల జాగాలో జామ చెట్టో కొబ్బరి చెట్టో. సిటీకి దూరం, నీళ్లకు ఇబ్బంది, చీకటి పడితే రోడ్డు మీద ఎవరూ ఉండరు. ఊరవతల ఇల్లు తీసుకున్నందుకు బంధువులు జాలిపడిన రోజులు అవి.

ఎనభైల్లోనే ఇంకో కదలిక మొదలైంది. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ క్యాంపస్ కూకట్‌పల్లికి వచ్చింది. తొంభైల్లో బాచుపల్లి, నిజాంపేట వైపు ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు అన్నీ ఒకే బస్సు రూట్‌లో ఉన్నాయి. కృష్ణా, గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలు ఇటు రావడానికి పిల్లల చదువు పెద్ద కారణం. వచ్చిన తీరు కూడా గమనించాల్సిందే. చాలా ఇళ్లలో మొత్తం కుటుంబం ఒకేసారి రాలేదు. తండ్రి వ్యవసాయం చూసుకుంటూ ఊళ్లో ఉండేవాడు. తల్లి పిల్లల్ని తీసుకుని ఇక్కడ పోర్షన్ అద్దెకు తీసుకునేది. నెలకోసారి ఊరి నుంచి బియ్యం బస్తా, కందిపప్పు, ఆవకాయ జాడీ బస్సు మీద వచ్చేవి. ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్, ఇంజినీరింగ్ అయ్యాక ఉద్యోగం. నాలుగేళ్లనుకుని వచ్చినవాళ్లు పదేళ్లున్నారు, చివరికి ఊళ్లో అర ఎకరమో ఎకరమో అమ్మి ఇక్కడే ఫ్లాట్ కొన్నారు.

మరి దిల్‌సుఖ్‌నగర్‌కో మల్కాజ్‌గిరికో పోకుండా ఇక్కడికే ఎందుకు? వాటికీ పోయారు. కానీ ఇక్కడ బోర్డు ఇళ్లకు టైటిల్ గొడవ తక్కువ, కాగితాలు సరిగా ఉంటాయని నమ్మకం. చుట్టుపక్కల భూముల మీద కోర్టు కేసులు దశాబ్దాల తరబడి నడిచిన ప్రాంతంలో ఆ నమ్మకానికి చాలా విలువుంది. దానికి తోడు, ముందొచ్చినవాడు తర్వాతివాణ్ని తెస్తాడు. బాబాయి కొడుకు ఆరో ఫేజ్‌లో ఉంటే ఊరి నుంచి దిగినవాడు మొదటి రాత్రి అక్కడే పడుకుంటాడు, రెండో వారం ఆ పక్క వీధిలోనే గది చూసుకుంటాడు. వలసల్లో దారి చూపించేది మ్యాప్ కాదు, చుట్టరికం.

పోర్షన్లకు గిరాకీ వచ్చేసరికి ఒక అంతస్తు ఇంటి మీద రెండో అంతస్తు లేచింది. ముందున్న జామ చెట్టు పోయి మెట్లు వచ్చాయి. కాలనీలో పాత ఇళ్లకు మెట్లు బయట నుంచి, రోడ్డు వైపే ఉండడం గమనించవచ్చు. ఓనర్ ఇంట్లోంచి పోకుండా అద్దెవాళ్లు పైకెక్కాలి మరి. ఇంటి ప్లాన్‌లో లేని ఆ మెట్లే కాలనీలో రెండో దశకు గుర్తు.

మూడో దశకు తేదీ చెప్పవచ్చు. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. హైటెక్ సిటీ కేపీహెచ్‌బీకి ఐదారు కిలోమీటర్లే. మాదాపూర్‌లో అప్పటికి రాళ్లగుట్టలు, ఖరీదైన ప్లాట్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి అందుబాటులో గది, తినడానికి మన తిండి ఉన్నది రైలు పట్టాలకు ఇవతల ఉన్న ఈ కాలనీలో. అప్పటిదాకా కుటుంబానికి పోర్షన్ ఇచ్చిన ఓనర్‌కు కొత్త లెక్క కనిపించింది. ఒక కుటుంబం ఇచ్చే అద్దె కన్నా అదే పోర్షన్‌లో పది మంచాలు వేస్తే వచ్చేది చాలా ఎక్కువ. అలా హాస్టల్ పుట్టింది. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. గది అన్న మాటే పోయి ‘బెడ్ ఖాళీ ఉందా’ అని అడగడం మొదలైంది.

కాగితం మీద చిన్న లెక్క వేసి చూద్దాం. ఎల్‌ఐజీ ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక నానమ్మ అనుకుంటే ఐదుగురు. అదే జాగాలో ఇప్పుడు కింద షాపు, పైన నాలుగంతస్తులు, అంతస్తుకు ఐదు చిన్న గదులు, గదికి మూడు బెడ్లు అనుకుంటే అరవై మంది. పన్నెండు రెట్లు. కానీ ఇంటి ముందున్న రోడ్డు వెడల్పు పెరగలేదు, భూమిలో డ్రైనేజీ పైపు ఐదుగురి కోసం వేసిందే. పొద్దున ఎనిమిదికి అరవై మంది ఒకేసారి స్నానం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంజినీర్ అక్కర్లేదు, ఆ వీధిలో మ్యాన్‌హోల్ చాలు. ఈ ప్రాంతం మురుగు కూకట్‌పల్లి నాలాలో కలిసి హుస్సేన్‌సాగర్ వైపు పోతుంది. ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకునేవాళ్లు తిట్టుకోవాల్సింది సాగర్‌ను కాదు, ఎగువన మనిషికో బెడ్ లెక్కన పెరిగిన కాలనీల్ని.

ప్లాన్‌లో లేని అంతస్తుల సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2007 చివర్లో జరిమానా కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే బీపీఎస్ వచ్చింది, 2015లో మళ్లీ బీఆర్‌ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పేరుతో అలాంటి స్కీమే వచ్చింది. ఒకసారి అయితే మినహాయింపు అనుకోవచ్చు. రెండోసారికి కట్టేవాడికి అర్థమైపోతుంది: ముందు కట్టెయ్యి, తర్వాత స్కీమ్ వస్తుంది.

ఇంతకీ కాలనీలో ఎంతమంది ఉన్నారు? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు దొరకదు. 2001 జనాభా లెక్కల నాటికి కూకట్‌పల్లి వేరే మున్సిపాలిటీ, అందులో దాదాపు 2.9 లక్షల మంది ఉన్నారు. అప్పటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో 36 లక్షల పైచిలుకు. అంటే నగరం బయట, నగరం కాని నగరంగా, అప్పటికే ఇంత జనం పోగయ్యారు. 2007 ఏప్రిల్‌లో కూకట్‌పల్లితో సహా చుట్టూ ఉన్న మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2011 లెక్కల్లో మొత్తం జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షల పైచిలుకు. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్నారు. హైటెక్ సిటీ విస్తరణలో చాలా భాగం 2011 తర్వాతదే కాబట్టి, కాలనీలో అతి పెద్ద మార్పు ఏ జనాభా లెక్కలోనూ లేదు.

లెక్క జరిగినా ఒక చిక్కుంది. సెన్సస్ దృష్టిలో కుటుంబం అంటే ఒకే వంటింట్లో వండుకుని తినేవాళ్లు. రక్తసంబంధం అక్కర్లేదు, ఒకే పొయ్యి ఉంటే చాలు. మంచి నిర్వచనమే, పల్లెటూళ్లో చక్కగా సరిపోతుంది. కేపీహెచ్‌బీలో ఒక టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లు ఉంటారు. పొయ్యి ఉంటుంది, వెలిగించరు. రైస్ కుక్కర్‌లో అన్నం పడేసి, ఒకడు కిందికి దిగి కర్రీ పాయింట్‌కు పోతాడు. దోసకాయ పప్పు, బెండకాయ ఫ్రై, రసం, అన్నీ చిన్న ప్లాస్టిక్ కవర్లలో పోసి, గాలి బిగించి, రబ్బర్ బ్యాండ్ వేసి వరసగా పెట్టి ఉంటాయి. ఎనిమిదిన్నరకు పోతే దొరుకుతాయి, తొమ్మిదిన్నర దాటితే సాంబారే గతి. అన్నం ఇంట్లో, కూర వీధిలో. ఈ నలుగురిది ఒకే పొయ్యా, నాలుగు పొయ్యిలా, కర్రీ పాయింట్ పొయ్యా?

హాస్టల్‌ది ఇంకో గడి. దాన్ని సెన్సస్‌లో ఇన్‌స్టిట్యూషనల్ హౌస్‌హోల్డ్ అంటారు. జైళ్లు, అనాథాశ్రమాలు ఉన్న వరసలోనే హాస్టళ్లు కూడా ఉంటాయి.

అందుకే ఈ కాలనీలో జనం లెక్క కాగితాల్లో కన్నా కొన్ని రోజుల్లో బాగా కనిపిస్తుంది. ఒకటి భోగికి ముందు రాత్రి. మెయిన్ రోడ్డు మీద, మెట్రో పిల్లర్ల కింద, ప్రైవేట్ ట్రావెల్స్ ఆఫీసుల ముందు బ్యాగులు, పిల్లలు, మిక్సీ అట్టపెట్టెలు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు. మర్నాడు పొద్దున కాలనీలో రోడ్డు మీద స్కూటర్ హాయిగా పోతుంది, పాలవాడికి సగం ప్యాకెట్లు మిగిలిపోతాయి. ఆ మూడు రోజులు కాలనీలో మిగిలినవాళ్లే ఇక్కడి స్థిరనివాసులు అనుకుంటే మాత్రం పొరపాటు. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఇల్లుండి, మనవల్ని ఇక్కడే పెంచినవాళ్లు కూడా పండక్కి ఊరికే పోతారు.

రెండో రోజు 2014 ఆగస్టు 19, తెలంగాణ ఏర్పడిన కొత్తలో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే. రాష్ట్రమంతా సెలవు, బస్సుల్లేవు, షాపుల్లేవు, ఎవరింట్లో వాళ్లు ఉండాలి. ‘సెట్లర్లు’ అన్న మాట గట్టిగా వినపడుతున్న రోజులు. ఇక్కడ పేరు రాయించుకోకపోతే ఏమవుతుందో, రాయించుకుంటే ఏమవుతుందో అని రెండు రకాల టెన్షన్. అసలు ఆ మాటే ఈ కాలనీకి సరిగా అతకదు. మొదట ఇళ్లు తీసుకున్నవాళ్లలో అన్ని ప్రాంతాల వాళ్లూ ఉన్నారు. పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడేవాళ్లలో పాలమూరు వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, ఒడిశా, బిహార్ వాళ్లు ఉంటారు. వాళ్లను ఎవరూ సెట్లర్లు అనరు. సొంత ఇల్లు ఉన్నవాడికే ఆ పేరు.

మూడోది 2020 మార్చి 25. అంతకు ముందు రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. హాస్టళ్లు ఖాళీ చెయ్యమన్నారు. బ్యాగులు వీపున వేసుకున్న వందల మంది కుర్రాళ్లు, అమ్మాయిలు ఊరికి పోవడానికి పాస్‌ల కోసం కూకట్‌పల్లి, ఎస్.ఆర్.నగర్ వైపు పోలీస్ స్టేషన్ల ముందు గుమిగూడారు. పాస్‌లు తీసుకుని బయల్దేరినవాళ్లను ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేశారు. ఆ రాత్రి నేషనల్ హైవే మీద కూర్చున్నవాళ్లకు హైదరాబాద్‌లో బెడ్ లేదు, ఆంధ్రలో ఇంటికి దారి లేదు. ఎన్నేళ్లున్నా బెడ్ అడ్రస్ కాదని ఆ ఒక్క రోజులో తేలిపోయింది.

ఓట్ల లెక్క ఇంకో రకం. 2009కి ముందు ఈ ప్రాంతం ఖైరతాబాద్ అసెంబ్లీ నియోజకవర్గంలో ఉండేది. ఓటర్ల సంఖ్యలో చాలా పెద్ద నియోజకవర్గం అది. పునర్విభజనలో కూకట్‌పల్లి విడిగా వచ్చింది. మొదటి ఎన్నికలోనే లోక్‌సత్తా నుంచి జయప్రకాశ్ నారాయణ గెలిచారు, రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి దక్కిన ఏకైక సీటు. 2014లో టీడీపీ నుంచి మాధవరం కృష్ణారావు గెలిచారు. 2018లో ఆయనే టీఆర్‌ఎస్ నుంచి నిలబడి, ఎన్టీఆర్ మనవరాలు సుహాసిని మీద నెగ్గారు. 2023లో, పార్టీ పేరు బీఆర్‌ఎస్‌గా మారాక, మళ్లీ ఆయనే. వచ్చిన ఊరిని బట్టి ఓటు ఎటు పడుతుందో చెప్పేవాళ్ల జోస్యం ఇక్కడ పెద్దగా ఫలించలేదు. పైగా హాస్టల్ కుర్రాళ్లలో చాలామంది ఓటు ఊళ్లోనే ఉంటుంది. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్ వచ్చినప్పుడు ఇక్కడి బస్టాపులు మళ్లీ సంక్రాంతిలా కిటకిటలాడాయి.

ఇక నాలుగో దశ నడుస్తోంది, దాని దిశ పైకి. మలేషియా కంపెనీతో కలిసి హౌసింగ్ బోర్డు టవర్లు కట్టించినప్పుడే, మలేషియన్ టౌన్‌షిప్ అని పేరొచ్చినప్పుడే మొదలైంది ఇది. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది. 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ హైటెక్ సిటీకి ఇంకో దారి తెరిచింది. 2023 సెప్టెంబర్‌లో లులు మాల్ తెరిచిన మొదటి రోజుల్లో మెయిన్ రోడ్డు ట్రాఫిక్ గంటల తరబడి కదల్లేదు. 2025 ఆగస్టులో నాలుగో ఫేజ్‌లో ఏడు ఎకరాల పైచిలుకు జాగాను హౌసింగ్ బోర్డు వేలం వేస్తే ఎకరం సుమారు 70 కోట్లు పలికింది. గజాల్లో చూస్తే దాదాపు లక్షా 45 వేలు. తక్కువ జీతగాళ్లకు వాయిదాల మీద ఇల్లిచ్చిన అదే బోర్డు, అదే కాలనీలో. ఆ జాగాలో లేచే ఇళ్లకు ఎల్‌ఐజీ నంబర్లు మాత్రం ఉండవు.

పాత ఎల్‌ఐజీ ఓనర్లు ఇప్పుడు ఎక్కడున్నారంటే, చాలామంది తమ బిల్డింగ్ మీదే పెంట్‌హౌస్‌లో ఉన్నారు. రిటైరై ఇరవై ఏళ్లు, పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో. లిఫ్ట్ లేని బిల్డింగ్ అయితే రోజుకు ఒకసారే కిందికి దిగి కూరగాయలు తెచ్చుకుంటారు. కింద నాలుగంతస్తుల్లో అరవై బెడ్లు, ఆరు నెలలకోసారి మారే మొహాలు. 2027 లెక్కకు ఎన్యూమరేటర్ ఆ మెట్లెక్కి వచ్చినప్పుడు, కిందివాళ్లంతా ఇన్‌స్టిట్యూషన్ గడిలోకి పోతారు. బిల్డింగ్ మొత్తం మీద మామూలు కుటుంబం అని రాసుకోవడానికి ఒకటే పొయ్యి ఉంటుంది, పైన, ఇద్దరికి.